అరంగుళం ముక్కలు

నా భార్య చనిపోయింది. జూలైలో వానలు పట్టుకున్న వారం, ఒక శుక్రవారం ఉదయం, హన్మకొండలో దవాఖాన మంచం మీద. రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉంది. ఆ రోజు మిషను తగిలించకముందే గుండె ఆగిపోయింది. నర్సు బయటికి వచ్చి "సార్, మీరు ఒకసారి లోపలికి రండి" అంది. 

మాకు పిల్లలు లేరు. మొదటి ఫోను ఆమె చెల్లెలికి చేశాను. రెండోది మా పాస్టరు గారికి. ఆయన "అయ్యో" అన్నారు. "ఎక్కడ పెడదామనుకుంటున్నరు సార్?" అని అడిగారు.

ఇది ఆ ప్రశ్న గురించి రాస్తున్నది.

చదివేవారిలో కొందరు ఆమె చేతి రొట్టె తిన్నవారే. ఎవరు చేశారో తెలియకుండా తిన్నవారు కూడా ఉన్నారు. మిగతావారికి మొదటి నుంచి చెప్పాలి.

ఆమెది కేసముద్రం దగ్గర పల్లె. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. పదో తరగతి దాకా కాజీపేటలో కాథలిక్ సిస్టర్ల హాస్టల్లో చదువుకుంది. సెలవుల్లో కూడా అక్కడే ఉండి వంటింట్లో సాయం చేసేది. ఆ వంటింటి పెద్ద ఒక ముసలి సిస్టరు. వాళ్ళ పూజకు కావలసిన అప్పాలు ఇనుప అచ్చులో చేసేవారు. ఆ అచ్చును హాస్టలు పిల్లలు ముట్టకూడదు. కానీ మిగిలిన పిండితో పెంక మీద పులియని రొట్టె చేయడం ఆ సిస్టరే ఈమెకు నేర్పింది. గోధుమలు కడిగి ఆరబెట్టి గిర్నీకి పంపడం, పిండిని రెండుసార్లు జల్లించడం, గోరువెచ్చని నీళ్ళతో కలిపి తడిగుడ్డ కప్పడం, రంగు తిరగకముందే పెంక మీద నుంచి తీయడం. ఉప్పు వేయరు. సోడా వేయరు.

నేర్పిన రోజు సిస్టరు ఒక మాట అందట. ఆ మాటను ఆమె గొంతు మార్చి చెప్పేది. "మీ గుడిలో పెట్టుకో తల్లీ, తప్పులేదు. కానీ అక్కడ అది ఉత్తి రొట్టె. అసలు గుడి మాది కదా."

చెప్పి నవ్వేది. ఆ సిస్టరంటే ఆమెకు ప్రేమ. చనిపోయిందని తెలిసినప్పుడు రెండు రోజులు అన్నం తినలేదు.

మా పెళ్ళి నాటికి నేను పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేవాణ్ణి. మా కుటుంబం మూడు తరాలుగా ఒకే మందిరానికి వెళ్ళేది. పూర్వం మిషనరీలు కట్టించింది. ఇప్పుడు దాన్ని పాత మందిరం అంటారు. అప్పట్లో ఒట్టి మందిరమే. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె ముక్కలున్న పళ్ళెం, ద్రాక్షరసం గిన్నెలు పెద్దలు వరుసల వెంట తిప్పుతారు. బల్లలో చేయి వేసే హక్కు ఉన్నవాడే సంఘస్థుడు. పేరు రిజిస్టరులో ఉండాలి.

రొట్టె చేసే ముసలావిడ కాలం చేస్తే ఆ పని నా భార్యకు వచ్చింది. మొదటిసారి చేసిన పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సారూ, నీ స్కేలు ఇయ్యి."

నేను పాఠాలు చెప్పేవాణ్ణని నన్ను సారూ అనేది. కోపం వస్తే అదే మాటను ఇంకొంచెం సాగదీసేది.

"దేనికి?"

"గీతలు గియ్యాలె. రొట్టె మీద."

"డ్రాయింగు స్కేలు పిండిల పెడ్తవా?"

"కడిగిస్త తియ్. మొన్న జూసిన. ముక్కలు ఒక్క తీరు లేకుంటే మీ పెద్దమనుషులు పళ్ళెంల ఏలు పెట్టి పెద్దముక్క ఏరుతాండ్లు. దేవుని ముందట గూడ ఏరుడేనా?"

అది అడుగు పొడవు స్టీలు స్కేలు. చదువుకునే రోజుల్లో కొన్నది. ఆమె పచ్చి రొట్టె మీద దాన్ని ఆనించి, కత్తి మొనతో అరంగుళానికి ఒక గీత గీసింది. అడ్డంగా గీసి, మళ్ళీ నిలువుగా. కాలిన తర్వాత విరిస్తే ప్రతి ముక్కా అరంగుళం చదరం. ఆ ఆదివారం పళ్ళెంలో ఎవరి వేలూ వెతకలేదు. అప్పటి నుంచి కాలనీలో ఆమె పేరు రొట్టెక్క.

పదేళ్ళు దాటింది, సంఘం చీలి. కొత్తగా వచ్చిన ఒక యువ బోధకుడు నీళ్ళు చల్లి ఇచ్చేది బాప్తిస్మం కాదన్నాడు. నీళ్ళలో మునిగినవాళ్ళే నిజమైన సంఘమని, మిగతావి మనుషులు కట్టుకున్నవని చెప్పాడు. నలభై కుటుంబాలు ఆయన వెంట వెళ్ళాయి. పక్క గల్లీలో రేకుల షెడ్డు వేసుకున్నారు. హసన్‌పర్తి చెరువులో మునిగి వచ్చారు. వాళ్ళు గేటు మీద "నిజమైన దేవుని సంఘము" అని రాయించారు. మేము ఊరుకోలేదు. మా గేటు మీద "ఆది సంఘము" అని రాయించాం. ఆ అక్షరాలకు కొలతలు గీసి ఇచ్చింది నేనే. అప్పటికే సంఘ కార్యదర్శిని. ఆదివారం రెండు మైకులు ఒకదాని మీద ఒకటి అరిచేవి.

ఆమె ఇంట్లో మిరపకాయల తొడిమెలు తీస్తూ అంది. "హాస్టల్ల సిస్టరమ్మ అసలు గుడి మాదే అన్నది. మీరు గదే అంటాండ్లు. గా రేకులోళ్ళు గదే అంటాండ్లు. ముగ్గురు ఒక్క మాట మీద ఉండంగ ఇంక పంచాయతి ఏముంది?"

"ఇది నవ్వే విషయం కాదు" అన్నాను.

"నవ్వుతలేను సారూ. ఆ మునిగేటోళ్ళు గూడ రేపు సిమెంటు తొట్టి కడ్తరట. అండ్ల పోసేది నల్లా నీళ్ళేనాయె. మనం సల్లేది నల్లా నీళ్ళేనాయె."

ఆమె చెల్లెలి కుటుంబం కొత్త మందిరానికి వెళ్ళిపోయింది. ఒక శనివారం మరదలు వచ్చింది. నేను వరండాలో ఉన్నాను. వినబడింది.

"అక్కా, మా తాన రొట్టె ఎవ్వలకు రాదే. దుకాణంల బ్రెడ్డు తెచ్చి కోస్తాండ్లు. అంచులు ఎండి గీరుకపోతాంది. జర జేసియ్యరాదు."

"నేను మునగలే గదనే. నా చేతిది మీకు నడుస్తదా?"

"ఎవ్వలు జేసిండ్లని ఎవ్వలడుగుతరు? నువ్వు చెప్పకు."

"నేనై చెప్ప. అడిగితే మాత్రం దాయ."

తొమ్మిదేళ్ళు ఎవరూ అడగలేదు. మొదటి ఆదివారం తెల్లవారుజామున ఆమె ఒకే పిండి కలిపేది. ఒకే గుడ్డ కప్పేది. తర్వాత రెండు భాగాలు చేసేది. రెండు రొట్టెలు, ఒకే స్కేలు. ఒకటి నేను పట్టుకుని పాత మందిరానికి వెళ్ళేవాణ్ణి. రెండోది మరదలు వచ్చి చీర కొంగు కింద పెట్టుకుని తీసుకుపోయేది. నేను చూశాను. ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం ఏది ఎవరిదని అడిగాను. "కలిపేటప్పుడు నాకు తెల్వదు. గుడ్డ తీసినంక ఏది చేతికొస్తే అది" అంది.

ఆ తొమ్మిదేళ్ళ చివర్లో ఆమెకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. ఆ చేతి మీద బరువు పడకూడదన్నారు. పిండి కలపడానికి కుడిచేయి ఒక్కటే మిగిలింది. బేసిన్ కదిలిపోయేది. నేను ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. తెల్లవారుజామున వంటింటి గచ్చు మీద ఇద్దరం. ఆమె ఆయాసంతో ఊపిరి తీసుకోవడానికి ఆగేది. మాట్లాడేవాళ్ళం కాదు. మా పెళ్ళి జీవితంలో మేము అంత దగ్గరగా ఎప్పుడూ లేమని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ గుట్టు చిన్న సంగతితో బయటపడింది. మా సంఘ పెద్దల్లో ఒకాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కొడుకు కొత్త మందిరానికి వెళ్ళాడు. వెళ్ళినప్పుడు తండ్రితో, మునగకుండా చనిపోయింది కాబట్టి అమ్మకు రక్షణ లేదన్నాడు. ఆ మాట ఆ పెద్దాయన మరిచిపోలేదు. ఎవరమైనా మరిచిపోం. కొన్నేళ్ళ తర్వాత మనవరాలి కోసమని ఒక ఆదివారం ఆ షెడ్డులో వెనక కూర్చున్నాడు. పళ్ళెం తన ముందు నుంచి వెళ్ళింది. ముక్కలు చూశాడు. ఆరాధన అయ్యాక మనవరాలి చేత ఒక ముక్క తెప్పించుకుని జేబురుమాలులో కట్టుకున్నాడు.

కమిటీలో ఆ రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

"సెక్రటరీ గారూ, మీ తాన స్కేలు ఉన్నదా?"

"ఉంది."

"కొలువుండ్లి."

రిజిస్టరులో గీతలు కొట్టడానికని ఆ స్కేలు నా సంచిలోనే ఉండేది. కొలిచాను. అరంగుళం. ఇటు తిప్పి కొలిచాను. అరంగుళం.

"ఇట్ల కోసేటోళ్ళు మన సంఘంల ఎంతమంది?"

"ఒక్కరే" అన్నాను.

 పాస్టరు గారు తల వంచుకున్నారు. చీలిపోయినవాళ్ళ బల్లకు రొట్టె ఇవ్వడం అంటే దాన్ని ప్రభువు బల్ల అని ఒప్పుకోవడమే అని పెద్దాయన అన్నాడు. అది ప్రభువు బల్లే అయితే మునగకుండా పోయిన తన భార్య సంగతి ఏమిటని అడిగాడు.   తీర్మానం అయింది. రాసి క్షమాపణ ఇచ్చేదాకా ఆమెకు బల్లలో పాలు లేదు. సహవాసంలో పేరు లేదు.

తీర్మానం రాసింది నేను. రిజిస్టరులో ఆమె పేరు తీసి, స్కేలు ఆనించి, ఎర్ర సిరాతో గీత కొట్టింది నేను.

ఇంటికి వచ్చి చెప్పాను. ఆమె మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలకు వాపు.

"నువ్వే గీసినవా?"

"నేనే."

"మన స్కేలుతోనేనా?"

"ఆఁ."

"తిన్నగొచ్చిందా?"

నేను స్కేలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"కడిగి పెట్టు మల్ల. ఎర్ర సిర పిండికి అంటుతది."

విషయం కొత్త మందిరానికి చేరింది. మునగని మనిషి చేసిన రొట్టె తొమ్మిదేళ్ళు తిన్నామని వాళ్ళు కలవరపడ్డారు. మరదలిని నిలబెట్టి అడిగారు. మళ్ళీ దుకాణం బ్రెడ్డుకు వెళ్ళారు. మేము కూడా దుకాణం బ్రెడ్డే తెప్పించాం. చీలిక తర్వాత రెండు మందిరాలు ఒకే పని చేసింది అప్పుడే.

క్షమాపణ ఆమె రాయలేదు. మందిరం మానలేదు కూడా. స్త్రీల వైపు మూడో బెంచీ, కిటికీ పక్కన ఆమె చోటు. మొదటి ఆదివారం ఆ వరుసకు పళ్ళెం పట్టుకుని వెళ్ళే పెద్దను నేను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేతి మీద కొంగు కప్పుకుంది. నా ముఖం వైపు చూడలేదు. పళ్ళెం వైపు చూసింది. నేను ఆమెను దాటి పక్కావిడ ముందు పళ్ళెం పెట్టాను.

అలా పదిసార్లు జరిగింది. ఆరేడు నెలలు గడిచాక ఆమె గుమ్మం మెట్లు ఎక్కలేకపోయేది. నేనే చేయి పట్టి ఎక్కించి, బెంచీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తర్వాత వెళ్ళి పళ్ళెం అందుకునేవాణ్ణి.

పదవి వదిలేసి ఉండవచ్చు కదా అని చదివేవారు అడగవచ్చు. నేను మానితే ఇంకా కఠినమైనవాళ్ళు వస్తారని అప్పట్లో చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంఘం మాదేనని నేను నమ్మాను. అందుకే చేశాను. ఆ నమ్మకం ఒక్కరోజులో పోయేది కాదు. ఇప్పటికీ మొత్తం పోయిందని చెప్పలేను.

రొట్టె చేయడం ఆమె ఆపలేదు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఆ తెల్లవారుజాములకు మార్చుకుంది. బేసిన్ నేనే పట్టుకునేవాణ్ణి. ఉప్పు లేని రొట్టె, చిన్న ముక్కలు, ఆ జబ్బువాళ్ళకు సరిపోతుంది. స్టీలు డబ్బాలో పెట్టుకుని వార్డుకు తెచ్చేది. పక్క మంచం మీద ఒక ముస్లిం ఇల్లాలు ఉండేది. ఎదురుగా కొత్తవాడలో మగ్గం నేసే ముసలాయన.

మొదటి రోజు ఆ ఇల్లాలు డబ్బా వైపు అనుమానంగా చూసింది.

"మీ గుడిది గాదు గద అక్కా?"

"గుడోళ్ళు వద్దన్నదే. తింటవా?"

"గట్లయితే రెండియ్యి."

వరుసలోని మంచాలన్నీ నవ్వాయి. మగ్గం ముసలాయన ముక్కను వేళ్ళ మధ్య తిప్పి, "ఏ మిషను మీద కోసినవమ్మా గింత సాపుగ?" అని అడిగాడు. "మా సారు స్కేలు పెద్దయ్యా. గాయన గీసిండంటే ఇగ జరుగది" అంది. నా వైపు చూడకుండానే అంది.

చివరి నెలలో మాట తగ్గింది. రోజుకు తాగాల్సిన నీళ్ళు చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేవాణ్ణి. ఒక మధ్యాహ్నం గ్లాసు తిరిగి ఇస్తూ అడిగింది.

"నన్ను అమ్మ పక్కకు పెడ్తవా?"

మా అత్తగారు చివరి రోజుల్లో మా దగ్గరే ఉండి చనిపోయింది. పాత మందిరం వాళ్ళ బొందలగడ్డలో, వెనక గోడ దగ్గర ఆమెను సమాధి చేశాం. పక్కన ఇద్దరికి చోటు వదిలించాను. చీలిక తర్వాత ఆ బొందలగడ్డకు ఒక నియమం పెట్టాం. సహవాసంలో ఉన్నవారికే అక్కడ చోటు. కొత్త మందిరం వాళ్ళు రాకుండా పెట్టిన నియమం. దాని మాటలు కూర్చింది కూడా నేనే.

"ఉత్తరం అడుగుతరు" అన్నాను. "ఒక్క ముక్క రాయరాదు. తప్పయిందని."

"నేను తప్పు చెయ్యలే. రొట్టె చేసిన."

"మరి అమ్మ పక్కకు ఎట్ల?"

"రాయ. అమ్మ పక్కకే పెట్టు. ఇగ అది నీ ఫికరు సారూ."

కళ్ళు మూసుకుంది. ఆ రెండు కోరికల్లో ఒకటే తీరుతుందని ఇద్దరికీ తెలుసు. ఏది తీర్చాలో నాకు వదిలేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇంటి ముందు ఫ్రీజర్ పెట్టె వచ్చింది. వాన పడుతోంది. టార్పాలిన్ మీద నీళ్ళు నిలిచి, అప్పుడప్పుడు ఒక మూల నుంచి దభాలున పడేవి. మరదలు లోపలికి వచ్చి నా పక్కన కూలబడింది.

"బావా, మావోళ్ళ కాళ్ళు మొక్కిన. అక్కను మా తాన పెడ్దమంటే మునగలే గద అంటాండ్లు. తొమ్మిదేండ్లు ఆమె రొట్టె తిన్నరు గదరా అన్న. గది గుర్తుచేయకు అంటాండ్లు."

మున్సిపాలిటీ బొందలగడ్డ ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. వెనక గోడ దగ్గర మా అత్తగారి పక్కనున్న చోటు కళ్ళ ముందు కదిలింది.

సాయంత్రం నాలుగింటికి పాస్టరు గారు వచ్చారు. గొడుగు బయట పెట్టి, ఆమె దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. నా పక్కన కుర్చీ లాక్కుని మెల్లగా చెప్పారు.

"సార్, నాకిష్టమా చెప్పుండ్లి? రూలు మీరు రాసిందే. నేనొచ్చినంక అక్షరం మార్చలే. ఇయ్యాల ఆమెకు ఇడిస్తే రేపు షెడ్డోళ్ళంత గేటు మీదికొస్తరు."

"ఆమె రాయనన్నది."

"ఆమె రాయకుంటే మీరు రాయుండ్లి. కుటుంబం తరఫున. ఒక్క ముక్క చాలు. పెద్దల నోరు మూస్త."

తెల్ల కాగితం తెచ్చుకున్నాను. నా భార్య తాను చేసిన పనికి చివరి దినములలో పశ్చాత్తాపపడినదని, నిజమైన సంఘ సహవాసములోనికి తిరిగి చేర్చుకొనవలెనని నా ద్వారా కోరినదని రాశాను. సంతకం పెట్టాను. ఆమె పెట్టె నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

మర్నాడు పొద్దున ఆమెను తల్లి పక్కన పెట్టాం. గుంటలో నీళ్ళు ఊరాయి. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడారు. తోడిన కొద్దీ వచ్చాయి. చివరకు ఇసుక పోసి, పైన పెట్టె దించారు. కొత్త మందిరం వాళ్ళు యాభై మంది దాకా వచ్చారు. మాతో కలిసి ప్రార్థన చేయకూడదు కాబట్టి గేటు బయటే గొడుగుల కింద నిలబడ్డారు. మేము పాట ఎత్తుకున్నాం. ఆ పాట వాళ్ళకూ తెలుసు. బయట వాళ్ళు కూడా పాడారు. వానలో మా గొంతు వాళ్ళకు ఆలస్యంగా చేరినట్టుంది. ప్రతి చరణం మేము ముగించాక గోడ అవతల ఒకసారి ముగిసేది. మరదలు గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. ఆమెను లోపలికి రమ్మని నేను పిలవలేదు.

తర్వాతి సోమవారం రిజిస్టరు తెరిచాను. ఎర్ర గీత కొట్టిన పేరు కింద ఆమె పేరు మళ్ళీ రాశాను. తిరిగి చేర్చుకోవడమైనదని రాశాను. చనిపోయినవారికి నల్ల గీత కొట్టాలి. రెండో పేరు మీద నల్ల గీత కొట్టాను. ఒకే పేజీలో ఆమె రెండుసార్లు ఉంది. రెండుసార్లూ లేదు.

ఇంతటితో ఊరుకునేవాణ్ణేమో. చనిపోయినవారి ఇంటివాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడికలో పాస్టరు గారు ఆమె గురించి మంచిగానే మాట్లాడారు. చివర్లో, మన సహోదరి తన పొరపాటు తెలుసుకుని నిజమైన సంఘానికి తిరిగి వచ్చి కన్నుమూసిందన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. రైల్వే పెద్దాయన అందరికంటే గట్టిగా అన్నాడు. ఏడుస్తూ అన్నాడు. మరదలు ఆ రోజు మాత్రం లోపలికి వచ్చి గోడ పక్కన కూర్చుంది. తల తిప్పి నా వైపు చూసింది. నిజమా బావా అని అడుగుతున్న చూపు. నేను నేల చూశాను. ఆ ఆదివారమే పక్క గల్లీ మైకులో, మునగడం వాయిదా వేస్తే ఏమవుతుందో మన కళ్ళ ముందే జరిగిందని చెప్పారట.

కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ కాగితం మీది మాట అబద్ధం. నా భార్య పశ్చాత్తాపపడలేదు. ఎవరినీ క్షమాపణ కోరలేదు. అడిగితే వద్దంది. ఆమె రొట్టె చేసింది, రెండు మందిరాలకూ, ఒకే పిండితో. ఆ సంతకం నాది. ఆ రెండు గీతలూ నావి. ఇన్నేళ్ళు ఆమె చేతి రొట్టె తిన్న రెండు సంఘాలకు నేను చెప్పవలసింది ఇంతే. ఆమెకు చెప్పవలసింది వేరే ఉంది. అది ఇక్కడ రాసేది కాదు.

అచ్చుకు ఇచ్చే ముందు దీని నకలు పాస్టరు గారికి ఇచ్చాను. నిలబడే చదివారు. రెండోసారి కూర్చుని చదివారు.

"సార్, ఇది బయటికొస్తే మీ పేరు మీద గీత పడ్తది. నేనాపలేను."

"తెలుసు."

"అక్కయ్య పక్కన మీ జాగ పోతది."

"తెలుసు."

"ఆమెను గూడ లేపమంటే ఏం చెయ్యాలె?"

"ఆమె మీ రిజిస్టరులో ఉంది. చేర్చుకున్నట్టు నేనే రాసిన. చనిపోయినోళ్ళను తీసేసే రూలు నేను రాయలే."

ఆయన కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. రిజిస్టరు ఆయనకు అప్పగించాను. స్కేలు ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి వేడినీళ్ళలో కడిగాను. ఒక అంచున ఎర్ర సిరా ఉంది. అంకెలు చెక్కిన గాట్లలో ఎండిన పిండి ఉంది. సూదితో తీయవచ్చు. తీయలేదు.

ఈ నెల మొదటి ఆదివారం మందిరానికి వెళ్ళాను. పెద్దల బెంచీకి వెళ్ళలేదు. స్త్రీల వైపు మూడో వరుసకు వెళ్ళి, కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కావిడ కొంచెం జరిగింది.  నా పేరు మీద ఇంకా గీత పడలేదు కాబట్టి పళ్ళెం నా ముందు ఆగింది. పట్టుకున్నది రైల్వే పెద్దాయన. చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను. ఆయన కాసేపు ఆగాడు.  తర్వాత పళ్ళెం నన్ను దాటి వెళ్ళింది.

దుకాణం బ్రెడ్డు. చాకుతో కోసింది. పక్కావిడ వేళ్ళు పళ్ళెంలో ఒక ముక్కను ముట్టుకుని, వదిలి, ఇంకో ముక్క దగ్గరికి వెళ్ళాయి. ముక్కలు ఒక్క తీరుగా లేవు.